ఇచ్ఛాపురం నుంచి తడ దాకా: బైకు మీద పది రోజులు, సముద్రం ఎడమ పక్కన

ఆంధ్ర తీరం పై కొస నుంచి కింది కొస దాకా చేసే ఈ ప్రయాణానికి ఏడాదిలో దొరికేది ఒక నెల, మహా అయితే నెలన్నర. చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోయాక మొదలుపెట్టి, ఉగాది పచ్చడికి ఇంటికి చేరిపోవాలి. అంతకు ముందు వెళ్తే తెల్లవారుజామున శ్రీకాకుళంలోనూ గోదావరి లంకల్లోనూ మంచు కమ్మేసి, పది గజాల అవతల లారీ ఉన్నా కనపడదు. ఏప్రిల్ నడిమి దాకా ఆగితే పొద్దున్న పదింటికే రోడ్డు పెనంలా ఉంటుంది. మే నెలా, అక్టోబరు నవంబరు నెలలూ తుపాన్లవి. ఫిబ్రవరి రెండో సగం, మార్చి నెలల్లో మాత్రం బంగాళాఖాతం బుద్ధిగా ఉంటుంది.

ఏప్రిల్ వద్దనడానికి ఇంకో కారణం, తిండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ అరవయ్యొక్క రోజులు రేవులన్నీ లంగరేసిన పడవలతో నిద్రపోతుంటాయి. పొద్దున్నే పడవ ఒడ్డుకొచ్చి, బుట్టలు దిగి, వేలం కేకలు వినపడకపోతే తీరం వెంట తిరిగి ఏం లాభం?

తేదీలు వేసుకునేటప్పుడు గోడ మీది తెలుగు క్యాలెండరు దించి చూడండి. ముహూర్తాలున్న రోజుల్లో అమలాపురం, భీమవరం, చీరాల లాడ్జీల్లో ఒక్క గది మిగలదు, అన్నీ పెళ్ళివారే. నేనొకసారి ఈ సంగతి మరిచిపోయి, రాత్రి తొమ్మిదింటికి మూడు లాడ్జీలు తిరిగి, చివరికి ఓ కల్యాణ మండపం వాచ్‌మన్ దయ తలిస్తే వరండాలో పడుకున్నాను. భోజనం మాత్రం బ్రహ్మాండంగా పెట్టారు.

ఎటు నుంచి ఎటు

పై నుంచి కిందికే రండి. ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి తడలో ముగించండి. మనం రోడ్డుకి ఎడమ పక్క నడుస్తాం. దక్షిణానికి వస్తుంటే సముద్రం కూడా ఎడమ పక్కే ఉంటుంది. "బీచ్" అని బోర్డు కనపడగానే హాయిగా ఎడమకి దిగిపోవచ్చు. ఎదురు దిక్కున వచ్చేవాళ్ళు ప్రతిసారీ డివైడర్ సందు వెతుక్కుని, లారీలు పోయేదాకా ఆగి, హైవే అడ్డంగా దాటాలి. పది రోజుల్లో ఇరవై ముప్ఫై సార్లు దిగి ఎక్కే ప్రయాణంలో ఇది చిన్న విషయం కాదు.

దీనికో నష్టం ఉంది. మార్చిలో మధ్యాహ్నం పూట పైరగాలి దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి కొడుతుంది. అంటే మీకు ఎదురుగాలే. నూట పాతిక సీసీ బండి అయితే మధ్యాహ్నం మూడింటి తర్వాత నాలుగో గేరులో మూలుగుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది. దీనికి మందు మధ్యాహ్నం బండి తియ్యకపోవడమే.

అందుకని కిలోమీటర్లు కాకుండా గంటలు లెక్కేసుకోండి. పొద్దున్న అయిదున్నరకి లేచి, ఆరుకి బండి తియ్యండి. పదిన్నరకల్లా ఆ రోజు దూరంలో ముప్పాతిక భాగం అయిపోవాలి. ఎండ వేళ ఊళ్ళో ఉండండి, తినండి, పడుకోండి. నాలుగింటికి మళ్ళీ లేచి, మిగిలిన ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నింపాదిగా పోయి, చీకటి పడకముందే గదికి చేరండి. ఇలా పోతే రోజుకి వంద నుంచి నూట యాభై కిలోమీటర్లు వస్తాయి. నాలుగు రోజుల్లో చుట్టేసిన వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి గుర్తున్నది టోల్ గేట్లు.

ఏ రోడ్డు

16వ నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం నుంచి తడ దాకా నేరుగా ఉంది. దాని మీదే పోతే మీకు సముద్రం కనపడదు. కత్తిపూడి దాటాక అది ఇంకా లోపలికి, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ వైపు తిరిగిపోతుంది. మీరు పట్టుకోవాల్సింది 216. కత్తిపూడి దగ్గర 16 నుంచి విడిపోయి, పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలులో మళ్ళీ 16లో కలుస్తుంది. రెండు డెల్టాలనీ అడ్డంగా కుట్టేసినట్టుండే రోడ్డు అది. ప్రయాణానికి ప్రాణం అదే. 216కి పైన, కింద ఉన్న ముక్కల్లో మాత్రం 16ని నిచ్చెనలా వాడుకోండి, ఎక్కడం, దిగడం.

దారి మ్యాపుని మాత్రమే నమ్మి సముద్రపు అంచు రోడ్ల మీద పోకండి. ఫోన్‌లో నిక్షేపంలా కనపడే రోడ్డు మూడేళ్ళ కిందట అలలు తినేసినది కావచ్చు, లేదా రొయ్యల చెరువు గట్టు కావచ్చు. పాలెం మొదట్లో వల అల్లుకుంటూ కూర్చున్న పెద్దాయన్ని "బాబాయ్, ఇలా పోతే తగులుతుందా?" అని అడగండి. ఆయన చెయ్యి ఎటు చూపిస్తే అటే పొండి.

బండి

కొత్తది కొనక్కర్లేదు. స్ప్లెండర్ మీద కూడా బ్రహ్మాండంగా అవుతుంది. ఇసకలో తేలిక బండే మేలు, కూరుకుంటే ఇద్దరు ఎత్తి బయటికి లాగొచ్చు.

బయల్దేరే పది రోజుల ముందు సర్వీసింగ్ చేయించండి, ముందు రోజు కాదు. చేయించిన పనిలో ఏదన్నా తేడా ఉంటే ఆ పది రోజుల్లో బయటపడాలి. ఇంజన్ ఆయిలు, బ్రేకు షూలు లేదా ప్యాడ్లు, చైను బిగువు, టైర్ల గాడి, హెడ్‌లైటు, హారను. క్లచ్ వైరు కాస్త పీచు లేచినా మార్పించి, పాతది బాగుంటే పారెయ్యకుండా సీటు కింద పెట్టుకోండి. చిన్న ఊళ్ళో మెకానిక్ దొరుకుతాడు గానీ మీ బండి వైరు దొరక్కపోవచ్చు. ట్యూబు టైరైతే ఒక ట్యూబు, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, చిన్న పంపు. ఒక ప్లగ్గు, రెండు ఫ్యూజులు.

ఇక ఉప్పుగాలి. ఇది కంటికి కనపడని శత్రువు. మూడో రోజుకి చైను మీద గోధుమ రంగు పొడి కనపడుతుంది, అది తుప్పు. రోజూ సాయంత్రం గది చేరాక, చైను ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే పాత గుడ్డతో తుడిచి లూబ్ కొట్టండి. పొద్దున్న కొడితే ఆ తడికి ఇసక అంటుకుని చైనుని ఆకురాయిలా అరగదీస్తుంది. రెండు రోజులకోసారి మంచినీళ్ళతో బండి కడగండి, ముఖ్యంగా కింది భాగం. తీరం పక్క వాటర్ సర్వీసింగ్ వాడిని మాత్రం "నీళ్ళు ఉప్పా, తీపా?" అని ముందే అడగండి. ఉప్పు బోరు నీళ్ళతో కడిగించుకుంటే డబ్బిచ్చి తుప్పు కొనుక్కున్నట్టే.

సామాను, కాగితాలు

వీపుకి బ్యాగు వద్దు. రెండో రోజుకి భుజాలు పడిపోతాయి. సీటు వెనక బ్యాగు పెట్టి సాగే తాళ్ళతో కట్టి, తాళ్ళ కొసలు చక్రంలోకి వేలాడకుండా చూసుకోండి. రెండు జతల బట్టలు చాలు, ఈ గాలికి రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరిపోతాయి. జాకెట్టు, గ్లౌజులు, బూట్లు ఎండ అని వదిలెయ్యకండి. మెడకి తడిపిన తుండు ఒకటి చుట్టుకుంటే వచ్చే చల్లదనం ఏ ఖరీదైన జాకెట్టూ ఇవ్వదు. ఓఆర్ఎస్ పొట్లాలు, నల్లద్దం కాని హెల్మెట్ షీల్డు, దాన్ని తుడవడానికి మెత్తటి గుడ్డ. రొయ్యల చెరువుల మధ్య సాయంత్రం ఆరింటికి పురుగులు వడగళ్ళలా కొడతాయి, షీల్డు లేకుండా పోతే కళ్ళు మూసుకుని నడపడమే.

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. అయినా జిరాక్సులు ఒక కవర్లో పెట్టుకోండి, ఫోను చార్జింగ్ అయిపోయే రోజు ఒకటి వస్తుంది. వెనక కూర్చునే వాళ్ళకీ హెల్మెట్ ఉండాలి. టోల్ గేట్ల దగ్గర బైకులకి రుసుం లేదు, ఎడమ చివరి సందులోంచి నెమ్మదిగా పోవాలి. ప్రమాదానికి 108, పోలీసుకి 112, జాతీయ రహదారి మీద సాయానికి 1033.

బండిని ఇచ్ఛాపురం చేర్చడం

హైదరాబాద్ వాళ్ళు ఇచ్ఛాపురం దాకా నడుపుకుంటూ పోతే సగం ఓపిక అక్కడికే అయిపోతుంది. బండిని రైల్లో పార్సెల్ వేసి విశాఖలోనో, బరంపురంలోనో దింపుకోవడం నయం. పార్సెల్ ఆఫీసుకి ఆర్సీ, ఆధార్ జిరాక్సులు తీసుకెళ్ళండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసెయ్యాలి. గోనెసంచులూ గడ్డీ పెట్టి కట్టేవాళ్ళు స్టేషన్ బయటే ఉంటారు. అద్దాలు మీరే ఊడదీసి బ్యాగులో వేసుకోండి. బండి మీతో పాటు అదే రోజు దిగుతుందని మాత్రం అనుకోకండి, ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. దిగాక మొదటి బంకు దాకా తోసుకుంటూ పోవాలి కాబట్టి, ఖాళీ సీసా ఒకటి ఇచ్చి ఆటోవాడి చేత లీటరు తెప్పించుకోవడం అందరూ చేసేదే.

మొదటి మూడు రోజులు: ఉద్దానం, కళింగపట్నం, భీమిలి

ఇచ్ఛాపురం నుంచి హైవే ఎక్కకుండా కవిటి, సోంపేట మీదుగా బారువ దాకా దిగండి. ఇది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరిగిన తోటలు. మార్చిలో జీడిపళ్ళ వగరు తీపి వాసన రోడ్డు మీదికే వస్తుంది. ఆ పండు రసం బట్టల మీద పడితే మరక వదలదు, తినేటప్పుడు ముందుకి వంగి తినండి. బారువలో లైట్‌హౌస్, పాత రేవు ఉన్నాయి. పలాసలో జీడిపప్పు కొనుక్కోండి, పది రోజులూ దారిలో పనికొస్తుంది.

టెక్కలి దాటగానే హైవే మీద ఉరికెయ్యకుండా నౌపడ వైపు తిరగండి. రోడ్డుకి రెండు పక్కలా ఉప్పుమళ్ళు, మధ్యలో తెల్లటి కుప్పలు. ఆ పక్కనే తేలినీలాపురం. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే, ఇళ్ళ పెరళ్ళలోనే గూళ్ళు కడతాయి. చలికాలం మొదట్లో వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. సైలెన్సర్ మోత బండైతే ఊరి బయటే ఆపి నడిచి పొండి.

రెండో రోజు శ్రీకాకుళం చుట్టుపక్కలకే ఇవ్వండి. వంశధార కలిసే కళింగపట్నం, పక్కన గుట్ట మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు, అటు శ్రీకూర్మం, అరసవల్లి. మార్చి రెండో వారం మొదట్లో తెల్లవారుజామున అరసవల్లి గర్భగుడిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే రోజులుంటాయి. ఆ రోజుల్లో వెళ్తే జనం విపరీతం. బండి ఊరి బయటే వదిలెయ్యాలి. ఫాల్గుణ పున్నమికి శ్రీకూర్మంలో డోలోత్సవం, అదీ అంతే.

మూడో రోజు తగరపువలస దగ్గర హైవే దిగి భీమిలి. ఇక్కడి నుంచి విశాఖ దాకా దాదాపు ముప్ఫై కిలోమీటర్ల బీచ్ రోడ్డు. మొత్తం ప్రయాణంలో సముద్రం ఇంత సేపు విడవకుండా పక్కన నడిచేది ఇక్కడే. అందుకే ఇది వీలైనంత పొద్దున్నే పడేలా చూసుకోండి. ఆదివారం అయితే ఎనిమిది దాటాక కార్లూ సెల్ఫీలూ. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తనీ నది మొగ చూసి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. దిబ్బల మీదికి బండి ఎక్కించొద్దు. గాలీ వానా వేల ఏళ్ళు చెక్కినవి, ఒక్క టైరు గాడికి విరిగి పడతాయి.

నాలుగో రోజు: విశాఖ నుంచి కాకినాడ

విశాఖ దాటడమే ఇందులో కష్టం. స్టీలు ప్లాంటు, పోర్టులు, ఫ్యాక్టరీలు తీరాన్ని ఆక్రమించుకున్నాయి కాబట్టి లోపలికి వెళ్ళక తప్పదు. కంటెయినర్ లారీలు నిండకముందే ఊరు దాటెయ్యండి. అచ్యుతాపురం నుంచి పూడిమడక దిగి ఇడ్లీ తిని, మళ్ళీ హైవే ఎక్కి, తుని దగ్గర ఎడమకి తిరిగి తొండంగి మీదుగా ఉప్పాడ చేరొచ్చు. ఉప్పాడలో మగ్గం చప్పుడు వినపడే ఇంటి ముందు ఆగితే జాందానీ చీర నేస్తూ కనపడతారు. ఉప్పాడ నుంచి కాకినాడ పోయే బీచ్ రోడ్డుని సముద్రం ఎన్నిసార్లు మింగిందో లెక్క లేదు. అమావాస్య, పున్నములకి పోటు ఎక్కువ, ఆ రోజుల్లో అల రోడ్డు మీదికి రాళ్ళతో సహా వచ్చి పడుతుంది. అడిగి వెళ్ళండి, వద్దంటే పిఠాపురం మీదుగా పొండి.

అయిదు, ఆరు రోజులు: కోనసీమ

ఇక్కడ రెండు రోజులు ఉంచుకోండి. వీలైతే మూడు. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో కోరంగి మడ అడవి. చెక్కబాట మీద గంట నడవొచ్చు. యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది, పెట్రోలు మనకంటే చవక, ట్యాంకు అక్కడ నింపండి. యానాం నుంచి ఎదుర్లంక వంతెన ఎక్కితే కింద గౌతమి. వంతెన మధ్యలో గాలి ఒక్కసారిగా పక్క నుంచి తోస్తుంది. హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా, మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకుని, వేగం తగ్గించండి. లారీ పక్క నుంచి దాటేటప్పుడు గాలి ఆగి, దాటగానే మళ్ళీ కొడుతుంది. కొత్తవాళ్ళు తడబడేది అక్కడే.

ముమ్మిడివరం, అమలాపురం మీదుగా పోతూ హైవే వదిలి ఏటిగట్టు ఎక్కండి. గోదావరి వాళ్ళు ఏటిగట్టు అంటారు, కృష్ణ దగ్గరకొస్తే అదే కరకట్ట అవుతుంది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క దాళ్వా (రెండో పంట వరి) చేలు, మధ్యలో సన్నటి రోడ్డు. కొబ్బరికాయల లోడు ట్రాక్టరు ఎదురైతే ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఒకరు మీరే. పొద్దున్న టిఫినుకి పొట్టిక్కలు దొరికే చోటు కనుక్కోండి, పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీ. పులస మాత్రం అడగకండి. అది వరద గోదావరి చేప, ఈ నెలల్లో ఎవరైనా పులస అని పెడితే మీ జేబు చూసి పెట్టినట్టే. పండుగప్ప అడగండి.

అంతర్వేది చూసుకుని నరసాపురం వెళ్ళడానికి రెండు దారులు. రాజోలు వెనక్కి వచ్చి, దిండి దాటి చించినాడ వంతెన ఎక్కడం ఒకటి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటడం ఇంకొకటి. రెండోదే చెయ్యండి. పంటు అంటే పడవల మీద చదరంగా పరిచిన పెద్ద బల్లకట్టు. బైకులు, ఆటోలు, కోళ్ళ గంపలు, గ్యాస్ సిలిండర్లు, స్కూలు పిల్లలు అందరూ ఒకేసారి ఎక్కుతారు. ఎక్కించే వాలు పలక తడిగా, పాచిగా ఉంటుంది. మొదటి గేరులో, బ్రేకు ముట్టుకోకుండా, ఒకే ఊపున ఎక్కెయ్యాలి. మధ్యలో ఆగితే వెనక్కి జారతారు. పైకెక్కాక సైడ్ స్టాండుని నమ్మి ఫొటోలకి పోవద్దు. బండిని గేరులో ఉంచి, పక్కనే నిలబడి హ్యాండిల్ పట్టుకోండి. అవతలి ఒడ్డుకి తగిలినప్పుడు పంటు ఒక కుదుపు ఇస్తుంది, బండ్లు వరసగా పడేది అప్పుడే. చిల్లర దగ్గరుంచుకోండి. ఏరు ఆటు మీద ఉన్నా, గాలి ఎక్కువైనా పంటు ఆపేస్తారు. అప్పుడు ఎలాగూ చించినాడ ఉంది.

ఏడు, ఎనిమిది రోజులు: బందరు, దివిసీమ, బాపట్ల

నరసాపురం నుంచి లోసరి, కృత్తివెన్ను, పెడన మీదుగా బందరు. పెడనలో కలంకారీ అద్దకం, బందరులో లడ్డు. ఈ ముక్కంతా రొయ్యల చెరువుల రాజ్యం. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్ళతో రోడ్డు ఎండలో కూడా తడిగా ఉంటుంది, లారీ వెనకే పోకండి. మంగినపూడి బీచి ఇసక నలుపు, అడుగు బురద.

మోపిదేవి దాటి అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళి రండి. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ దివిసీమనే ముంచింది. ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ళెవరితోనైనా పది నిమిషాలు కూర్చుంటే మాట అటే వెళ్తుంది. తొందరపడకుండా వినండి. హంసలదీవి నుంచి పాలకాయతిప్ప పోయే చివరి ముక్క ఇసకే, సాయంత్రం చీకటి పడే దాకా అక్కడ ఉండకండి.

పులిగడ్డ వంతెన దాటి పెనుమూడి, రేపల్లె. ఇక్కడొక జాగ్రత్త. వరి కోసిన చేలల్లో వేసిన మినుము ఈ రోజుల్లోనే పీకుతారు. ఆ ఎండు మొక్కల్ని, అంటే కట్టెని, తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, పోయే బండ్లే తొక్కి నూర్చిపెడతాయని. నేను మొదటిసారి దాన్ని ఎండుగడ్డి అనుకుని అరవైలో ఎక్కించాను. కింద గింజలు గోళీల్లా దొర్లాయి. ముందు బ్రేకు పట్టాను. బండి ఒక పక్క, నేనొక పక్క. చేటతో చెరుగుతున్న పెద్దామె పరుగున వచ్చింది. "దెబ్బేం తగల్లేదు గదా అయ్యా?" అని లేవదీసి, మోచేతికి ఇంట్లోంచి పసుపు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత చెదిరిన కుప్ప వైపు చూసి, "మినుములన్నీ మట్టిపాలు చేశావు గదయ్యా" అంది. కట్టె కనపడగానే యాక్సిలరేటర్ వదిలి, రెండో గేరులో, హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా పొండి. బ్రేకు వెయ్యాల్సి వస్తే వెనకది, అదీ మెత్తగా.

బాపట్ల పక్కన సూర్యలంక, చీరాల పక్కన ఓడరేవు. సెలవు రోజుల్లో రెండూ తిరునాళ్ళే, వారం మధ్యలో చేరేలా చూసుకోండి. ఇక్కడి అలలు అమాయకంగా కనపడతాయి, కాళ్ళ కింద ఇసకని లాగేస్తాయి. మోకాలి లోతు దాటొద్దు, ఒంటరిగా అసలు దిగొద్దు. చీరాల దాటాక మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకి అభయమిస్తూ 13వ శతాబ్దంలో వేయించిన శాసనం ఉన్న ఊరు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అంటే నమ్మలేనంత నిశ్శబ్దంగా ఉంటుంది ఇప్పుడు.

ఇసకలో బండి

బీచి మీద బండి నడపొద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రి పూట ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి, పైకి ఏ గుర్తూ కనపడదు. ఆ గుడ్లు పిల్లలవడానికి నెలన్నర పైనే పడుతుంది. టైరు పోతే మొత్తం గూడు పోయినట్టే. చట్టం కూడా ఊరుకోదు. ఒడ్డున గట్టినేల మీదే ఆపి నడిచి పొండి.

ఆపే చోట కూడా సైడ్ స్టాండు ఇసకలోకి దిగబడిపోతుంది, టీ తాగి వచ్చేసరికి బండి పడుకుని ఉంటుంది. ఒక ఎండు కొబ్బరి డొక్క స్టాండు కింద పెట్టండి, తీరమంతా ఉచితంగా దొరికే పరికరం. పొరపాటున కూరుకుంటే యాక్సిలరేటర్ ఇచ్చిన కొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. ఇంజను ఆపి, దిగి, వెనక టైరులో సగం గాలి తీసి, ముందు ఎండాకులో కొబ్బరి మట్టలో పరిచి, పక్కన నడుస్తూ మొదటి గేరులో తియ్యండి. తర్వాత మొదటి పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోండి.

తొమ్మిది, పది రోజులు: ఒంగోలు నుంచి తడ

ఒంగోలులో 216 అయిపోతుంది. కొత్తపట్నం చూడాలంటే ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. ఇక్కడి నుంచి నెల్లూరు దాకా హైవే నేరుగా, విసుగ్గా ఉంటుంది. ఇలాంటి చోటే కునుకు పట్టేది. ఉలవపాడు దగ్గర రోడ్డు పక్క సపోటాలు కొనడానికి ఆగండి, దిగి నడిస్తే మత్తు వదులుతుంది. నెల్లూరులో మధ్యాహ్నం చేపల పులుసు, అది నిన్నటిదైతే ఇంకా మేలు. సాయంత్రం మైపాడు.

చివరి రోజు మళ్ళీ చీకటితోనే లేవండి. నాయుడుపేట దాటాక నేలపట్టులో పెలికాన్లు, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు మీద పులికాట్. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచి కట్టినది, రెండు పక్కలా నీళ్ళే. మార్చిలో నీళ్ళు తగ్గి బురద బయటపడుతుంటుంది, ఫ్లెమింగోలు దూరంగా లేత గులాబీ గీతలా నిలబడి ఉంటాయి. చిన్న బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే అది చూసుకునే ప్రయాణం మొత్తం వెనక్కి లెక్కేసుకోవచ్చు, కానీ షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గ్యాలరీకి ముందే పేరు నమోదు చేసుకోవాలి, సూళ్ళూరుపేటలో గది దొరకదు.

ఖర్చు

చుట్టు తిరుగుళ్ళతో కలిపి 1,300 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి 50 ఇచ్చే బండికి 26 లీటర్లు, 110 రూపాయల లెక్కన మూడు వేలు. గది రోజుకి 800 నుంచి 1,500. ఇద్దరైతే సగం. తిండి మీ ఇష్టం, చేపలు తినేవాళ్ళకి కాస్త ఎక్కువే. రైలు పార్సెల్ కాక, అనుకోనిదానికి మూడు వేలు విడిగా, వేరే జేబులో. పాలేల్లో ఫోన్‌పే పనిచేసినా సిగ్నల్ పనిచెయ్యదు, అయిదొందల లోపు నోట్లు ఉంచుకోండి.

తడ నుంచి చెన్నై దగ్గరే. బండిని అక్కడ రైలెక్కించేవాళ్ళు, ఎక్కించే ముందే ఒకసారి మంచినీళ్ళతో శుభ్రంగా కడిగించి, ఆరబెట్టి, చైనుకి దట్టంగా లూబ్ పట్టించండి. ఉప్పు అంటిన బండిని గోనెసంచిలో మూడు రోజులు చుట్టిపెడితే, దిగేసరికి చైను కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. ఇంటికొచ్చాక సీటు ఊడదీసి చూడండి. బ్యాటరీ పక్కన గుప్పెడు ఇసక ఉంటుంది, అది సూర్యలంకదో బారువదో మీకే తెలియాలి.